ఒకటి రెండైతే ఏమవుతుంది? శ్రీకాకుళం జిల్లా సైన్సు ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సైన్సు మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

నేను ఉపాధ్యాయురాలిని కాను. ఉద్దానంలో ఒక ఆస్పత్రి ల్యాబులో ముప్పై ఏళ్ళు రక్తపరీక్షలు చేసి రిటైరయ్యాను. సూది గుచ్చి రక్తం తీయడం, ఆ గొట్టాన్ని యంత్రంలో పెట్టడం, వచ్చిన అంకెను కాగితం మీద రాసి చేతికివ్వడం నా ఉద్యోగం. అలా రాసిచ్చిన ఒక అంకె గురించే మీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా తమ్ముడు కొబ్బరితోటల్లో పనిచేసేవాడు. చెట్లెక్కి కాయలు దింపేవాడు, బుట్టలకెత్తి రోడ్డు దాకా మోసేవాడు. నలభై రెండో ఏట ఒళ్ళునొప్పులని ఆస్పత్రికి వచ్చాడు. రక్తం తీసింది నేనే. కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ 2.1 వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు చూసినప్పుడు 1.0 ఉండేది. కాగితం చూసుకుని వాడే నాకు ధైర్యం చెప్పాడు. "ఒకటే కదా అక్కా పెరిగింది. జ్వరం ఒక డిగ్రీ పెరిగితే పనిలోకి వెళ్ళడం మానేస్తామా?" డాక్టరుగారు మందులు రాశారు. నొప్పి బిళ్ళలు ముట్టుకోవద్దన్నారు. వెనకాల వరుసలో ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు. వాడు ఇంటికి వెళ్ళిపోయాడు, మర్నాడు తోటకు వెళ్ళాడు. నొప్పి బిళ్ళలు మానలేదు. ఒకటే కదా పెరిగింది. నాలుగేళ్ళకు డయాలసిస్ దాకా వచ్చాడు. మరో ఏడాదిన్నరకు పోయాడు.

వాడు పదో తరగతి చదివాడు. కిడ్నీ బొమ్మను వాడు ఎంత చక్కగా గీసేవాడో నాకింకా గుర్తుంది. చిక్కుడు గింజలాంటి ఆకారం, బాణం గుర్తులు, పక్కన భాగాల పేర్లు. దానికి మార్కులు కూడా వచ్చాయి. అయితే ఒకటి రెండైతే ఏమవుతుందో వాడికి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నాకు తెలుసు. తెలిసిన దాన్ని వాడికి అర్థమయ్యే మాటల్లో ఎలా పెట్టాలో తెలియలేదు. వాడు పోయాక, రాత్రుళ్ళు నిద్రపట్టక ఆలోచిస్తుంటే ఆ మాటలు దొరికాయి. వాటిని మీకు అప్పగిస్తున్నాను.

ఒక తోటలో రోజుకు 80 కాయలు దిగుతాయనుకోండి. ఏ పూట కాయలు ఆ పూటే తోట దాటాలి. మోసేవాళ్ళు ఎనిమిది మంది. ఒక్కొక్కరి బుట్టలో పది కాయలు పడతాయి. ఇప్పుడు నలుగురు మానేశారు. కాయలు అవే 80, కాబట్టి బుట్టకు ఇరవై. ఇంకో ఇద్దరు మానేశారు. బుట్టకు నలభై. చివరికి ఒక్కడే మిగిలాడు, అతడి బుట్టలో 80. క్రియాటినిన్ అనేది మన కండరాలు రోజూ దాదాపు ఒకే మోతాదులో విడిచిపెట్టే వ్యర్థం. కాయలంటే అదే. మోసేవాళ్ళు కిడ్నీలోని వడపోత గొట్టాలు. నేను కాగితం మీద రాసిచ్చే అంకె, ఒక్కో బుట్టలో ఎన్ని కాయలున్నాయన్న లెక్క. అది 1 నుంచి 2కు పెరిగిందంటే ఎనిమిది మందిలో నలుగురు వెళ్ళిపోయినట్టు. 4 నుంచి 8కి పెరిగితే పోయింది ఒక్కడే. చూడటానికి చిన్నగా ఉన్న ఆ మొదటి పెరుగుదలలోనే సగం శక్తి పోతుంది. పైగా ఆ సగం పోయేటప్పుడు నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఆకలి తగ్గదు. మా తమ్ముడు తోటకు వెళ్ళిన ఆ ఉదయం వాడి లోపల నలుగురే మోస్తున్నారు.

వయసును బట్టి, కండను బట్టి ఈ లెక్కలో తేడాలుంటాయి. బక్కచిక్కిన ముసలమ్మకు కండ తక్కువ, కాయలే తక్కువ దిగుతాయి. ఆమె అంకె 1 దగ్గరే ఉన్నా కిడ్నీ బాగుందని చెప్పలేం. డాక్టర్లు వయసును కూడా కలిపి లెక్క వేసేది అందుకే. ఆ సంగతి పై తరగతుల్లో చెప్పవచ్చు. బుట్టల లెక్కకు ఐదో తరగతి భాగహారం చాలు.

ఏటా మన ఊళ్ళలో జరిగే సైన్సు ప్రదర్శనలకు నేను తప్పకుండా వెళతాను. పిల్లలు కష్టపడి చేస్తారు, చూస్తే ముచ్చటేస్తుంది. వెళ్ళిన ప్రతిసారీ థర్మోకోల్ అగ్నిపర్వతం ఒకటైనా ఉంటుంది. వంటసోడాలో వెనిగర్ పోస్తే ఎర్రటి నురుగు పొంగుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. మన జిల్లాలో అగ్నిపర్వతం లేదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధిని వెతకడం కష్టం. అయినా వడపోత ఎలా జరుగుతుందో చూపించే బల్ల ఒక్కటీ నాకు కనబడలేదు. రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని మన రెండు కిడ్నీలూ వడకడతాయి. పదిహేను లీటర్ల బిందెలైతే పన్నెండు. ఆ పన్నెండు బిందెలను బడి వరండాలో వరసగా పెట్టి, చివర లీటరున్నర నీళ్ళ సీసా ఒకటి ఉంచి, "ఇంత వడకట్టి, ఇంతే బయటికి పంపుతుంది, మిగతాదంతా తిరిగి రక్తంలోకి తీసుకుంటుంది" అని ఒక పిల్లవాడు చెబితే, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ బల్ల దగ్గర నుంచి కదలరు. ఒక్కో కిడ్నీలో వడపోత గొట్టాలు సుమారు పది లక్షలు. ఒంట్లో ఉన్న రక్తరసం, అంటే రక్తంలోని ద్రవభాగం, మూడు లీటర్లే. అదే మూడు లీటర్లు రోజుకు అరవై సార్లు వడపోతకు వెళ్ళివస్తుంది.

ఇక మా మనవరాలి సంగతి. దానికి పదకొండేళ్ళు. మొన్న చలికాలంలో బారువ తీరానికి తీసుకెళ్ళాను. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ అక్కడి ఇసుక మీదికి వస్తాయని మీకు తెలిసిందే. దూరం నుంచి, వెలుతురు లేకుండా, దాన్ని బెదరగొట్టకుండా చూశాం. వెన్నెల్లో దాని కళ్ళ కింద తడి మెరిసింది. "అమ్మమ్మా, తాబేలు ఏడుస్తోంది. బిడ్డల్ని వదిలేసి వెళ్ళిపోతున్నందుకా?" అని అడిగింది. నా చిన్నప్పుడు నేనూ ఇదే ప్రశ్న ఒక మాస్టారిని అడిగాను. పాఠంలో లేని మాటలు మాట్లాడవద్దని కూర్చోబెట్టారు. ఆయన మంచివారే, పిల్లలంటే ప్రేమే. ఆ రోజు ఎందుకో అలా అన్నారు. నేను మళ్ళీ తరగతిలో చెయ్యెత్తి అడిగిన జ్ఞాపకం లేదు.

మనవరాలికి మాత్రం జవాబు చెప్పాను. సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన నదులు తెచ్చిపోసే మంచినీటి వల్ల బంగాళాఖాతంలో కాస్త తక్కువ. రక్తంతో సరిపోయేలా తయారుచేసే సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాములే. తాబేలు బతికేది ఆ ఉప్పునీటిలోనే, తినేది అందులో దొరికేదే. లోపలికి చేరిన అదనపు ఉప్పును బయటికి పంపడానికి దాని కిడ్నీలు చాలవు. అందుకని కళ్ళ దగ్గర ఉప్పు గ్రంథులుంటాయి. అవి చిక్కటి ఉప్పునీటిని కన్నీటిలా కారుస్తూనే ఉంటాయి. నీళ్ళలో ఉన్నప్పుడు మనకు కనబడదు, ఒడ్డుకు వచ్చినప్పుడు కనబడుతుంది. మనకు అలాంటి గ్రంథి లేదు. సముద్రమంత ఉప్పటి మూత్రాన్ని మన కిడ్నీ తయారుచేయలేదు. దప్పికై సముద్రపు నీళ్ళు తాగితే, ఆ ఉప్పును వదిలించుకోవడానికి తాగిన నీటికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది. పడవ మీద దారితప్పిన వాళ్ళు చుట్టూ నీళ్ళున్నా దాహంతో చనిపోయేది ఇందువల్లే.

అక్కడితో ఆగలేదు ఆ పిల్ల. "మరి మన కిడ్నీ నీళ్ళను వెనక్కి ఎలా లాక్కుంటుంది?" అంది. బారువలోనే ఇసుక మీద చేపలు ఎండబెట్టే వాళ్ళున్నారు. చేపకు ఉప్పు పట్టిస్తే కాసేపటికి నీరు ఊరుతుంది. మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ఉప్పు ఎక్కువున్న వైపుకు నీరు వెళుతుంది. కిడ్నీ లోపలి పొర కూడా అలాగే ఉప్పుతో, యూరియాతో చిక్కబడి ఉంటుంది, రక్తం కంటే నాలుగింతల వరకు. గొట్టంలో వెళుతున్న పలుచటి ద్రవం ఆ పొరను దాటేటప్పుడు అందులోని నీరు బయటికి వచ్చి తిరిగి రక్తంలో కలుస్తుంది. మనం నీళ్ళు తక్కువ తాగిన రోజున మెదడు నుంచి ఒక హార్మోను వచ్చి ఆ గొట్టాల తలుపులు ఇంకా బార్లా తెరుస్తుంది. ఎండలో పనిచేసి వచ్చిన రోజు మూత్రం ముదురు పసుపుగా వచ్చేది అందుకే. జాడీ, చేప, కిడ్నీ, మూడింటికీ ఒకటే పాఠం. మన పిల్లలకు మొదటి రెండూ ఇంట్లోనే తెలుసు. మూడోదాన్ని వాటి పక్కన పెట్టి చూపించేవాళ్ళు కావాలి.

ఆకాశం సంగతికి వస్తాను. అరసవల్లి సూర్యనారాయణ స్వామి పాదాలను కిరణాలు తాకే రోజులు మనకందరికీ తెలుసు, మార్చి 9, 10, 11 తేదీలు, అక్టోబరు 1, 2, 3 తేదీలు. మబ్బులేని ఏడాదిలో తెల్లవారుజామునే వెళ్ళి నిలబడినవాళ్ళకు ఆ దృశ్యం జన్మలో మరిచిపోలేనిది. రెండుసార్లే ఎందుకు? ఏటా అవే రోజులు ఎందుకు? ఈ ప్రశ్నను బళ్ళో అడగడానికి పిల్లలు జంకుతారు. దేవుడి విషయం కదా, మాస్టారు ఏమనుకుంటారో అని. నేను ప్రతి రథసప్తమికీ అరసవల్లి వెళ్ళే మనిషిని. ఆ ప్రశ్న అడిగినందుకు స్వామికి కోపం వస్తుందని నేననుకోను.

భూమి తన దారిలో సుమారు 23.4 డిగ్రీలు వాలి తిరుగుతోంది. అందువల్ల సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు. డిసెంబరు చివర నుంచి జూన్ 21 దాకా ఉదయించే చోటు ఉత్తరానికి జరుగుతుంది, ఆ తర్వాత దక్షిణానికి తిరుగుతుంది. వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ప్రతి చోటునూ దాటుతుంది. ఆలయ ద్వారం ఎదురుగా ఉన్న ఆ ఒక్క చోటును మార్చిలో దాటుతుంది, మళ్ళీ అక్టోబరులో దాటుతుంది. కావాలంటే గోడ క్యాలెండరు తీసి పిల్లల చేత లెక్కపెట్టించండి. మార్చి 10 నుంచి జూన్ 21కి 103 రోజులు. జూన్ 21 నుంచి అక్టోబరు 2కు మళ్ళీ 103 రోజులు. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు నా చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. వెళ్ళిన దూరమెంతో తిరిగివచ్చిన దూరమూ అంతే.

మూడేసి రోజులే ఎందుకన్నది ఇంకా అందమైన ప్రశ్న. రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల చుట్టూ, అంటే మార్చి 20, సెప్టెంబరు 23 చుట్టూ, ఉదయించే చోటు చాలా వేగంగా జరుగుతుంది. రోజుకు సూర్యబింబం వెడల్పులో దాదాపు ముప్పాతిక వంతు. మూడు రోజులు గడిచేసరికి కిరణం దారి తప్పుతుంది. జూన్ 21 దగ్గర మాత్రం సూర్యుడు అటూ ఇటూ వారం రోజులు దాదాపు ఒకేచోట ఉదయిస్తాడు. ఆ దిశకు ఎదురుగా ద్వారం పెట్టి ఉంటే కిరణాలు మూడు రోజులు కాదు, వారాల తరబడి లోపలికి వస్తూనే ఉండేవి. తూర్పు గాంగుల కాలం నాటిదని చెప్పే ఆ గుడి కట్టిన స్థపతులు ఎన్ని ఉదయాలు తూర్పు దిక్కును చూస్తూ నిలబడ్డారో అనిపిస్తుంది నాకు. ఇదంతా తెలిశాక మొన్న మార్చిలో మళ్ళీ వెళ్ళాను. ఆ వెలుగు ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల కిందట సూర్యుణ్ణి వదిలి, పదిహేను కోట్ల కిలోమీటర్లు దాటి, నేరుగా ఆ పాదాల దగ్గరకు వచ్చిందనుకుంటూ దణ్ణం పెట్టుకున్నాను. కళ్ళు చెమర్చాయి.

పిల్లలు అడిగే ప్రశ్నలు అన్నీ ఇంత పెద్దవి కావు. బస్సులో వెళుతుంటే చంద్రుడు మన వెంటే ఎందుకు వస్తాడని అడుగుతారు. పలాస దాటాక కిటికీ లోంచి చూడమనండి. దగ్గరి కొబ్బరిచెట్లు వెనక్కి పరుగెత్తుతాయి, దూరాన మహేంద్రగిరి నెమ్మదిగా జరుగుతుంది, 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుడు జరిగినట్టే ఉండడు. వంశధార నీళ్ళు తీపిగా ఉంటే కళింగపట్నం దగ్గర సముద్రం ఉప్పగా ఎందుకుందంటారు. నది కూడా రాళ్ళ నుంచి కరిగిన లవణాలను తెస్తూనే ఉంటుంది, మన నాలుకకు తెలియనంత కొద్దిగా. సముద్రంలో నీరు ఆవిరై పోతుంది, తెచ్చినది మిగిలిపోతుంది, కోట్ల ఏళ్ళుగా.

తుఫాను ప్రశ్న మాత్రం చిన్నది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు పుట్టినవాళ్ళు ఇప్పుడు బళ్ళో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆ రాత్రి కథ ఇంకా చెప్పుకుంటారు. ముందు ఒక వైపు నుంచి గాలి, తర్వాత నడిమిలో కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత ఎదురు వైపు నుంచి గాలి. భూమి తిరుగుతున్నందువల్ల మన అర్ధగోళంలో వీచే గాలి కుడివైపుకు ఒరుగుతుంది. నడిమికి పరుగెత్తే గాలులన్నీ అలా ఒరిగి, గడియారానికి ఎదురు దిశలో సుడి తిరుగుతాయి. ఆ సుడి మధ్యలో కన్ను ఉంటుంది. కన్ను మన ఊరి మీదుగా వెళితే ముందు ఉత్తరపు గాలి వస్తుంది, కన్ను దాటాక దక్షిణపు గాలి వస్తుంది. నిశ్శబ్దమైందని పశువులను చూసుకోవడానికి బయటికి వెళ్ళినవాళ్ళు రెండో గాలికి చిక్కుతారు. ఏడో తరగతి పిల్లకు ఈ సంగతి తెలిసి ఉంటే ఆ పూట తండ్రిని గడప దాటనివ్వదు.

ల్యాబులో ఎక్కువ మందికి చేసే పరీక్ష రక్తంలో హిమోగ్లోబిన్. ఆడపిల్లల్లో 12 కంటే తక్కువ వచ్చినప్పుడల్లా, ఇనుము తక్కువైందమ్మా అని చెప్పేదాన్ని. ఒక అమ్మాయి తిరిగి అడిగింది, "ఒంట్లో ఇనుము ఎక్కడిదండీ?" అని. పెద్ద మనిషి ఒంట్లో ఉండేది మూడు నాలుగు గ్రాములు, ఒక చిన్న మేకు బరువు. తోటకూరలోంచి వచ్చిందని చెప్పాను. తోటకూరకు మట్టిలోంచి. మట్టికి? అక్కడ ఆగిపోయాను. ఆ రాత్రి పుస్తకం తీసి చదువుకున్నాను. సూర్యుడు హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తాడు, ఇనుము దాకా వెళ్ళే శక్తి ఆయనకు లేదు. సూర్యుడి కంటే ఎన్నో రెట్లు బరువైన నక్షత్రాల నడుమ, నక్షత్రాలు పేలిపోయే వేళల్లో ఇనుము తయారైంది. ఆ పేలుళ్ళలో చెదిరిన ధూళి చేరిన మబ్బులోంచే సుమారు 460 కోట్ల ఏళ్ళ కిందట సూర్యుడూ భూమీ పుట్టాయి. ఆ అమ్మాయి మళ్ళీ పరీక్షకు వచ్చినప్పుడు చెప్పాను. తన మోచేతి మీద దూది పెట్టుకుని ఆ ఎర్రటి చుక్కను చాలాసేపు చూసింది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, మీ తరగతిలో ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అడగబోయే ప్రశ్న ఇది. "మా నాన్నకు ఈ జబ్బు ఎందుకొచ్చింది?"

ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అంత పచ్చటి నేలలో, షుగరూ బీపీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంతవరకు ఖాయంగా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలకు ఇలాంటి జబ్బే వస్తోంది. ఎండలో గంటల తరబడి చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడం, భూగర్భ జలంలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాలున్నాయి. ఒకటి కాదు, కొన్ని కలిసి పనిచేస్తున్నాయేమోనని కూడా శాస్త్రజ్ఞులు చూస్తున్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఊళ్ళకు తెస్తున్నారు. పరిశోధన సాగుతోంది. ఈ మాటను ఉన్నదున్నట్టుగా పిల్లలకు చెప్పండి. తెలియదని చెబితే గౌరవం తగ్గుతుందని కొందరు ఉపాధ్యాయులు భయపడతారు. ఆ భయంతో "నీళ్ళ వల్లే" అని కొట్టిపారేస్తే, ఫిల్టరు నీళ్ళ డబ్బా కొనుక్కున్న ఇంటివాళ్ళు మాకింక ఏమీ కాదని నొప్పి బిళ్ళలు మింగుతూనే ఉంటారు. నేను కళ్ళారా చూశాను.

తెలియనిదాన్ని తెలుసుకోవడం ఎలాగో మాత్రం మీరు నేర్పగలరు. 1854లో లండన్‌లో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు, చనిపోయినవాళ్ళ ఇళ్ళను పటం మీద గుర్తుపెట్టుకుంటూ వెళ్ళాడు. గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతి పంపు చుట్టూ గుమిగూడాయి. నాకు నచ్చింది ఆ తర్వాత ఆయన చేసిన పని. పంపు పక్కనే ఉండి కూడా జబ్బు పడనివాళ్ళెవరని వెతికాడు. దగ్గరలోని పేదల శరణాలయానికి సొంత బావి ఉంది. బీరు తయారుచేసే చోట పనివాళ్ళు బీరే తాగుతున్నారు, ఆ పంపు నీళ్ళు ముట్టరు. పంపు చేతిని తీయించారు. కలరా క్రిమిని సైన్సు లోకం గుర్తించింది దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత. మన పిల్లలకూ ఈ చూపు కావాలి. ఒకే బోరు నీళ్ళు తాగే రెండిళ్ళలో ఒక ఇంట జబ్బుంది, ఒక ఇంట లేదు, తేడా ఏమిటని ఆలోచించే పిల్ల ఈ ఉద్దానంలోనే పుట్టి ఉంటుంది. పలాసలో పరిశోధన చేయబోయేది ఆ పిల్లే కావచ్చు. ఈలోగా కారణం తేలకపోయినా చేయవలసినవి కొన్ని తెలుసు. ఎండపనిలో మధ్యమధ్య నీడకు చేరి నీళ్ళు తాగాలి. డాక్టరు చెప్పకుండా నొప్పి బిళ్ళ వేసుకోకూడదు. ఏడాదికొకసారి పరీక్ష చేయించుకుని పాత కాగితం పక్కన కొత్తది పెట్టి చూసుకోవాలి. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎంత నీరు తాగాలో డాక్టరే చెప్పాలి.

మీకున్న ఇబ్బందులు నాకు తెలుసు. సిలబస్ పూర్తికావాలి, పరీక్షలు నెత్తి మీద ఉంటాయి, బోధన కాని పనులు ఎన్నో మీద పడతాయి. మా అక్కయ్య కూతురు కూడా టీచరే, సాయంత్రం ఇంటికొచ్చేసరికి దానికి మాట్లాడే ఓపిక ఉండదు. నేను కొత్త పాఠాలు అడగడం లేదు. విసర్జన వ్యవస్థ, గురుత్వాకర్షణ, కాంతి, వాతావరణం, ఇవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే. ఆ పాఠం రోజున మొదటి ఐదు నిమిషాలు పుస్తకం మూసి, "దీని గురించి మీ ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా?" అని అడగండి. ఎవరో ఒకరు అంటారు, నాన్నకు రెండు వచ్చిందట అని. పాఠం అక్కడి నుంచి నడుస్తుంది.

దాంతోపాటు ఒక పని ప్రతిపాదిస్తున్నాను. ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం. ఆ రోజుల్లో మన ఆకాశం తేటగా ఉంటుంది, బళ్ళు తెరిచే ఉంటాయి. శ్రీకాకుళంలో సూర్యుడు నడినెత్తికి వచ్చి నీడ మాయమయ్యే రోజులు మే రెండో వారం చివర ఒకటి, జూలై ఆఖర్లో ఒకటి ఉన్నాయి గాని, మేలో సెలవులు, జూలైలో మబ్బులు. అందుకే ఫిబ్రవరి అంటున్నాను. ఆ రోజు శ్రీకాకుళంలో ఒక బడి, ఇచ్ఛాపురంలో ఒక బడి మూడు మీటర్ల వెదురు కర్రను ఎండలో నిలబెట్టాలి. పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకొకసారి నీడ చివర సుద్దతో గుర్తు పెడుతూ పోవాలి. గడియారం మీద నమ్మకం అక్కరలేదు, అన్నిటికంటే పొట్టి నీడే అసలు మధ్యాహ్నం. ఇచ్ఛాపురం నీడ శ్రీకాకుళం నీడ కంటే దాదాపు ఐదు సెంటీమీటర్లు పొడవు వస్తుంది. ఆ రెండు నీడల నుంచి కోణాలు కట్టి చూస్తే తేడా 0.8 డిగ్రీ. రెండు ఊళ్ళ మధ్య నేరుగా ఉత్తరానికి దూరం సుమారు 90 కిలోమీటర్లు, రోడ్డు లెక్క కాదు. 0.8 డిగ్రీకి 90 అయితే 360 డిగ్రీలకు ఎంత? 40,500 వస్తుంది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. నీడ అంచు మసకగా ఉంటుంది కాబట్టి పిల్లల లెక్క రెండు మూడు వేలు అటూ ఇటూ పోవచ్చు, ఇంకా ఎక్కువే పోవచ్చు. పోనివ్వండి. ఎందుకు పోయిందో వెతకడం కూడా ఆ రోజు పనే. అలెగ్జాండ్రియాలో ఎరతోస్తనీస్ రెండువేల రెండు వందల ఏళ్ళ కిందట ఇదే పద్ధతిలో భూమిని కొలిచాడు. మన పిల్లలు రెండు వెదురు కర్రలతో, నీడలతో, భాగహారంతో అదే పని చేస్తారు.

ఇచ్ఛాపురం వైపు కర్ర నేను పట్టుకుంటాను. మా మనవరాలు సుద్దముక్క పట్టుకుంటుంది. ఏ బడి ఆవరణలో చోటిచ్చినా సరే, పొద్దున పదింటికల్లా వస్తాం. కొబ్బరిబుట్టలు ఎనిమిది, కాయలు 80 కూడా ఆటోలో వేసుకొస్తాను. నీడ కొలిచాక మిగిలిన మధ్యాహ్నమంతా వాటితో పని ఉంది. శ్రీకాకుళం వైపు కర్ర పట్టుకునే మాస్టారు గాని, టీచరమ్మ గాని ముందుకు వస్తే ఒక్క మాట. వెదురు నిట్టనిలువుగా ఉందో లేదో కంటితో తేల్చవద్దు. దారానికి రాయి కట్టి, పక్కన వేలాడదీసి చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా.